ముల్లు సగమే చెప్పింది

మిల్లులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. వెక్కిరింపుగా కాదు, గౌరవంగానే. దుంగ రంపం మీదికి వెళ్తున్నప్పుడు ఆయన చూపు నేల మీద పెట్టి, తల కాస్త పక్కకి వంచి నిలబడేవాడు. చెక్క లోపల ముడి ఉంటే, పళ్ళు దాన్ని తాకీ తాకగానే ఆయన చెయ్యి పైకి లేచేది. దుంగను తోసే అన్నదమ్ములిద్దరూ ఆ చెయ్యి చూసి తోపు తగ్గించేవారు. ఎప్పుడో ఎవరో చెట్టుకి కొట్టి మరిచిపోయిన మేకొకటి ఓసారి దుంగలో కూరుకుపోయి ఉంటే, పన్నొక్కటీ విరగకముందే ఆపించాడు. “మేక్కి కూడా గొంతుంటుందా మేస్త్రీ?” అని అన్నదమ్ముల్లో పెద్దవాడు అడిగితే, “ఉంటుంది. వినే తీరికే మీకుండదు” అన్నాడు.

పందొమ్మిదో ఏట దుంగలు దొర్లించడానికి వచ్చినవాడు ముప్పై నాలుగేళ్ళుగా అక్కడే ఉండిపోయాడు. రంపం పళ్ళు సాన పట్టడం, బెల్టులు బిగించడం, బేరింగులకి గ్రీజు పెట్టడం అన్నీ ఆయనవే. కరెంటు పని ఎవరూ నేర్పలేదు. పోయిన ఫ్యూజులు వేస్తూ వేస్తూ అదీ వచ్చేసింది.

అలాంటి మనిషి పక్కనుండగానే వానాకాలంలో పెద్ద మోటారు కాలిపోయింది. తడిసిన దుంగలు, బరువు కోత. మోటారులోంచి సన్నగా నీలం పొగ లేచేదాకా ఎవరికీ తెలియలేదు. మోటారుకి మూడడుగుల దూరంలో ఉన్న మేస్త్రికీ తెలియలేదు.

మిల్లు చూసుకుంటున్నది పాత యజమాని కూతురు. చిన్నప్పుడు రంపపు పొట్టు గుట్టల మీద ఆడుకుంటూ మేస్త్రిని బాబాయ్ అని పిలవడం అలవాటైన పిల్ల. అరవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

“కాలేముందు మోటారు మూలుగుతుందని మీరే చెప్పేవారు కదా బాబాయ్. మూలగలేదా?”

“మూలగలేదమ్మాయిగారూ. ఒట్టు. మామూలుగానే ఉంది.”

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి మామూలుగానే ఉంది. అదే ఆయన్ని తికమక పెట్టింది. మూలగకుండా కాలిన మోటారుని ముప్పై నాలుగేళ్ళలో చూడలేదు.

ఇంట్లో ఆయన భార్య మాత్రం ఏమీ తికమక పడలేదు. రెండేళ్ళుగా ఆమె ఆయనతో ఏదైనా చెప్పాలంటే కుట్టు మిషను ఆపి, లేచి, ఎదురుగా వచ్చి నిలబడి చెబుతోంది. వెనకనుంచి పిలిస్తే పలకడు. ‘నీళ్ళు కాగాయి’ అంటే ‘వాళ్ళెందుకు ఆగారు’ అంటాడు. “చెవులొకసారి చూపించుకోండి” అని ఆమె అన్నప్పుడల్లా, “నువ్వు నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడితే నా చెవులకేం రోగం?” అనేవాడు. ఊళ్ళో చెవి మేస్త్రి అని పేరున్నవాడికి చెవుడంటే ఎవరు నమ్ముతారు? అందరికన్నా ముందు ఆయనే నమ్మలేదు. అందరూ ఈ మధ్య గొణుగుతున్నారని మాత్రం గట్టిగా నమ్మాడు.

మోటారుకి కొత్త తీగ చుట్టి తెచ్చింది ఊరి చివర షెడ్డులో వైండింగు పని చేసే ఆవిడ. నలభై దాటిన మనిషి. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఎవరు పలకరించినా జవాబు చెప్పదని అందరూ ఆవిణ్ణి లెక్కలక్క అనేవారు. మోటారు దించి వెళ్తూ అమ్మాయిగారితో, “ఈసారి బోర్డు మీద ఒక అమీటరు పెట్టించండి. మోటారు ఎంత కరెంటు లాగుతోందో ముల్లు చూపిస్తుంది. నేమ్‌ప్లేటు మీద ఇరవై ఒక్క ఆంపియర్లని ఉంది. ముల్లు అది దాటితే కోత తగ్గించాలి. అంతే” అని చెప్పింది.

“అంతే” అన్న ఆ మాటే మేస్త్రిని మూడు వారాలు తిప్పలు పెట్టింది.

కొనుక్కురమ్మని ఆయన్నే పంపారు. కరెంటు సామాన్ల దుకాణం ఇరుకైన సందులో ఉంది. నేలనుంచి కప్పుదాకా అట్టపెట్టెలు. దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒక మాట ఫోనుకీ, ఒక మాట బేరానికీ వాడుతున్నాడు. మాట్లాడేటప్పుడు మొహం అరల వైపు ఉంటుంది.

“ఏసీయా, డీసీయా?”

“స్తంభం మీదినుంచి వచ్చేదండీ.”

“అయితే ఏసీ. సూటిగా పెట్టేదా, సీటీ మీద నడిచేదా?”

మేస్త్రికి చివరి ముక్క ‘సీటు’ అని వినిపించింది. “సీటెందుకండీ? నేను నిలబడే చూస్తాను” అన్నాడు.

దుకాణదారు వెనక్కి తిరిగి ఒక్క క్షణం చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వి, అరలోంచి చేతి గాజులాంటి నల్లటి చక్రమొకటి తీసి చేతిలో పెట్టాడు. ఈసారి ఎదురుగా నిలబడి చెప్పాడు కాబట్టి మేస్త్రికి చాలావరకు అందింది. సీటీ అంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మరట. మోటారుకి వెళ్ళే లావు వైరుని కొయ్యక్కర్లేదు, ఈ చక్రం కన్నంలోంచి దూర్చితే చాలు. చక్రం నుంచి రెండు సన్న వైర్లు మీటరుకి వెళ్తాయి. వాటిలో పారేది అసలు కరెంటులో చిన్న వంతే. మీటరు మీది అంకెలు మాత్రం ఆ వంతుని బట్టి అసలు కరెంటునే చూపించేలా ముందే వేసి ఉంటాయి.

“అంటే తాకకుండానే కొలుస్తుందా?”

“తాకకుండానే.”

గోడ అవతల మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో ఇవతల కూర్చుని రాసినట్టుంది, అనుకున్నాడు మేస్త్రి. అర్థమైందనే అనిపించింది. అడుగు బయటపెడితే పోతుందనీ అనిపించింది.

తర్వాత మీటర్లు రెండు బల్ల మీద పెట్టాడు దుకాణదారు. ఒకదాని మీద అంకెలు సమానమైన ఎడంతో ఉన్నాయి. రెండోదాని మీద సున్నా నుంచి యాభై దాకా విశాలంగా నడిచి, ఆ తర్వాత మూడువందల దాకా అంకెలన్నీ చివర్లో ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఇరుక్కున్నాయి.

“ఇది అచ్చు తప్పండీ. చోటు చాలక కుక్కేశారు.”

“అచ్చు తప్పు కాదయ్యా, కావాలనే. మోటారు లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి ముల్లు వంగిపోకుండా అక్కడ చోటు ఉంచారు. మోటార్లకి ఇదే తీసుకోవాలి.”

ఫోను మళ్ళీ మోగింది. దుకాణదారు అటు తిరిగి, అరలు వెతుకుతూ ఏదో అడిగాడు. మేస్త్రికి చివర్న ‘...దా?’ అని మాత్రమే వినిపించింది. “ఆఁ, అదే ఇవ్వండి” అన్నాడు. పెట్టె కట్టేటప్పుడు కూడా దుకాణదారు అట్ట మీద వేలితో కొడుతూ రెండు మూడు మాటలు గబగబా చెప్పాడు. మేస్త్రి రెండింటికీ మూడింటికీ కలిపి ఒకేసారి తలూపాడు.

మిల్లుకి సెలవు రోజున బిగించడం మొదలుపెట్టాడు. మీటరు ముందు భాగం కొలిచాడు. అటు తొంభై ఆరు మిల్లీమీటర్లు, ఇటు తొంభై ఆరు. బోర్డు తలుపు మీద కొలత గీసి, గీత పొడవునా డ్రిల్లుతో చిన్న చిన్న కన్నాలు వేసి, రేకు ఊడదీసి, అంచులన్నీ ఆకురాయితో నున్నగా రాశాడు. మధ్యాహ్నమైంది. చెమట తుడుచుకుని మీటరు కన్నంలో పెట్టాడు. అది ఎక్కడా ఆగకుండా అవతలికి జారిపోయి, లోపలి వైర్ల మీద ఊగింది.

మళ్ళీ కొలిచాడు. తొంభై ఆరే. కన్నం కూడా తొంభై ఆరే. రెండూ సరిగ్గా ఉన్నాయి, రెండూ కలవడం లేదు.

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య, భర్త రేకు కన్నంలోంచి చెయ్యి అవతలికి పెట్టి వెతుక్కోవడం చూసి నవ్వు ఆపుకుంది. పెట్టెలోని కాగితం మడత విప్పి, ఎదురుగా వచ్చి చూపించింది.

“కన్నం తొంభై రెండే కొయ్యాలని బొమ్మ వేసి మరీ ఉంది కదండీ. ముందు చట్రం ఆనడానికి అంచు ఉండాలి కదా మరి.”

“దుకాణంలో చెప్పలేదే?”

“చెప్పే ఉంటాడు” అంది ఆమె మెల్లగా. మెల్లగా అన్నా ఆమె పెదవులు చూసి ఆయనకి తెలిసిపోయింది. అన్నం తిని, బాగా ఎండిన చెక్క ముక్కతో వేలెడు వెడల్పు చట్రం చేసి, కన్నానికి వెనకనుంచి బిగించి, రంగు కూడా వేశాడు. మీటరు అందులో బుద్ధిగా కూర్చుంది. ముల్లు సున్నాకి వెంట్రుకవాసి కిందికి ఉంటే, అద్దం కింద ఉన్న చిన్న మర తిప్పి సున్నా మీదికి తెచ్చాడు.

మర్నాడు మిల్లు లేచింది. ముల్లు చివరికంటా ఎగిరిపడి, మళ్ళీ దిగి నాలుగు దగ్గర ఆగింది. దుంగ పెట్టారు. పదికి వెళ్ళింది. కాస్త ముడి తగిలితే పదకొండు. అమ్మాయిగారు, అన్నదమ్ములు, మేస్త్రి నలుగురూ అద్దం ముందు నిలబడి చూశారు.

“ఇరవై ఒకటి దాకా పోవచ్చన్నారు కదా బాబాయ్? మనది పదే ఉంది. అంటే మోటారు సగం బలం ఖాళీగా ఉన్నట్టేగా?”

“అలాగే ఉందమ్మాయిగారూ.”

“మరి కోత పెంచొచ్చుగా?”

మేస్త్రి ముల్లుకేసి మళ్ళీ చూశాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ తోపుకే ఆ మోటారు నిండుగా పనిచేస్తోందని ఆయన లెక్క. ఇప్పుడు ముల్లు సగమే అంటోంది. చదువుకున్నవాళ్ళు చేసిన మీటరు, కొత్తది, గాజు అద్దంలో ఉన్నది, అది తప్పు చెబుతుందా? తనే ఇన్నాళ్ళూ మోటారుకి పనికిమాలిన జాలి చూపించాడా? పోనీ కాలిన మోటారు మరి ఎందుకు కాలినట్టు?

తోపు పెంచారు. ముల్లు పద్నాలుగు, ఒక్కోసారి పదిహేను. అన్నదమ్ములు ఉత్సాహంగా తోస్తున్నారు. పలకలు గుట్టలు పడుతున్నాయి. బరువు మితిమీరితే తనంతట తాను మోటారుని ఆపాల్సిన రిలే ఒకటి బోర్డులో ఉంది కానీ, మాటిమాటికీ పడిపోతోందని ఏ కాలంలోనో దాని మరని చివరికంటా తిప్పేశారు. అది నోరు మెదపలేదు.

నాలుగో రోజు మేస్త్రి మోటారు మీద అరచెయ్యి ఆనించాడు. పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే మంచిదని ఆయన పాత లెక్క. నాలుగు దగ్గరే చెయ్యి తీసేశాడు. వెళ్ళి ముల్లు చూశాడు. పదిహేను. మళ్ళీ వచ్చి చెయ్యి పెట్టాడు. మూడు. చెయ్యి ఒకటి చెబుతోంది, కన్ను ఒకటి చెబుతోంది, చెవి ఏమీ చెప్పడం లేదు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఆ మోటారుకీ ఈ బోర్డుకీ మధ్య ఆరేడుసార్లు తిరిగాడు. చివరికి వార్నిషు కమురు వాసన ముక్కుకి తగిలింది. వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కేశాడు.

“ఏమైంది మేస్త్రీ? ముల్లు బాగానే ఉందిగా!” అన్నాడు తమ్ముడు.

“ముల్లు బాగానే ఉంది. మోటారే బాలేదు.”

అమ్మాయిగారు అటు అద్దాన్నీ ఇటు ఆయన మొహాన్నీ చూసింది. “చుట్టిన తీగలో లోపమేమో. లెక్కలక్కని పిలుద్దాం” అంది.

లెక్కలక్క మధ్యాహ్నానికి వచ్చింది, సంచీ భుజాన వేసుకుని. తన వైండింగుని అన్నారని మొహం కందగడ్డలా ఉంది. “ఒక్కసారి నడపండి, దుంగ పెట్టండి. నేను చూడాలి” అంది. మోటారు లేచింది. రంపం కోస్తోంది. ఆవిడ సంచీలోంచి తన చేతి మీటరు తీస్తోంది. మేస్త్రి ఈలోగా తన అనుమానం ఒకటి తీర్చుకోవాలనుకున్నాడు. ముల్లు ఎక్కడైనా పట్టేస్తోందా, సన్న వైరు వదులుగా ఉందా? బోర్డు తలుపు తెరిచి, స్క్రూడ్రైవరు మీటరు వెనక మర మీద పెట్టాడు.

“అన్నయ్యా, ముట్టుకోకు!” అని అరిచింది లెక్కలక్క.

ఆయన మర తిప్పడం మొదలుపెట్టాడు.

“అన్నయ్యా!” రెండోసారి అరిచింది. మిల్లు అవతల పలకలు పేర్చేవాళ్ళు కూడా తలలు తిప్పారు. ఆయన తిప్పలేదు. ఆవిడ రెండంగల్లో వచ్చి ఆయన మణికట్టు మీద తన మీటరుతోనే ఒక్క దెబ్బ వేసింది. స్క్రూడ్రైవరు ఎగిరి పొట్టులో పడింది.

మిల్లు ఆపారు. ఆవిడ రొప్పుతూ చెప్పింది. మోటారు నడుస్తుండగా ఆ సన్న వైరు ఊడదీస్తే సీటీలో వోల్టేజి ఎక్కడికో లేచిపోతుంది. మనిషిని విసిరికొడుతుంది. “దుకాణంలో ఎవరైనా ముందు చెప్పే మాట అదే కదా అన్నయ్యా! నేను పక్కన నిలబడి రెండుసార్లు అరిచాను కదా!”

మేస్త్రి ఆవిడ పెదవులనే చూస్తున్నాడు. మణికట్టు రుద్దుకుంటూ, “ఒక్కసారి కూడా వినపడలేదు చెల్లెమ్మా” అన్నాడు.

ఆ మాట అన్నాక తనే దాన్ని మొదటిసారి విన్నట్టుగా ఆగిపోయాడు. దుంగ మీద కూర్చున్నాడు. అమ్మాయిగారు ఎదురుగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

“ఎన్నాళ్ళనుంచి బాబాయ్?”

“మా ఆవిడైతే రెండేళ్ళంటోంది.”

“మరి మొన్నటిదాకా ముడులెలా పట్టుకున్నారు? నిన్న కూడా చెయ్యెత్తారుగా!”

ఆయనకీ అదే అర్థం కాలేదు. వినే పట్టుకున్నాననుకున్నాడు. లేచి, రంపం దగ్గర తను రోజూ నిలబడే చోట నిలబడ్డాడు. అక్కడ సిమెంటు నేల ఆయన పాదాలకి రెండు పల్లాలుగా అరిగి ఉంది. చెప్పులు బయట విడిచి, ఉత్తి కాళ్ళతో నిలబడటం ఆయనకి మొదటినుంచీ అలవాటు. ఒక చిన్న చెక్క కోయమన్నాడు. కళ్ళు మూసుకుని, తర్వాత చెవులు కూడా వేళ్ళతో మూసుకున్నాడు. ముడి దగ్గర చెయ్యి లేచింది.

“కాళ్ళు!” అన్నాడు, తన కాళ్ళకేసి పరాయి మనిషి కాళ్ళని చూసినట్టు చూస్తూ. “కాళ్ళకి తెలుస్తోంది. ఇన్నాళ్ళూ చెవులనుకున్నాను.”

లెక్కలక్క మోటారు చుట్టూ తిరిగి వచ్చి, కింద వంగి చూసింది. “మరి దీని కింద ఈ రబ్బరు దిమ్మలెప్పుడు వేశారు?”

“వానలకి ముందు. అదురు ఎక్కువుందని” అంది అమ్మాయిగారు.

“అదీ సంగతి. రంపం అదురు నేలలోకి వస్తోంది. మోటారు అదురు రబ్బరు తినేస్తోంది. మూలుగు అన్నయ్య కాళ్ళదాకా రాలేదు.”

ఆ తర్వాత మీటరు సంగతి చూశారు. లావు వైరుకి లెక్కలక్క తన చేతి మీటరు తగిలించి, కాసేపు నడిపించింది. దాని మీద ఇరవై ఎనిమిది. బోర్డు మీద ముల్లు పద్నాలుగు. సరిగ్గా సగం. మోటారు ఆపించి, తలుపు తెరిచి, సీటీ మీది అక్షరాలు చదివింది. నూటికి ఐదు, అంటే లావు వైరులో వంద ఆంపియర్లు పారితే సన్న వైర్లలోకి ఐదు. మీటరు అద్దం కింద సన్న అక్షరాల్లో ఉన్నది యాభైకి ఐదు.

“ఇది వందది, అది యాభైది. ఒకరి భాష ఒకరికి రానివాళ్ళని తెచ్చి పెళ్ళి చేశావు అన్నయ్యా.”

“యాభయ్యా, వందా అని అడిగాడేమో” అన్నాడు మేస్త్రి. “నేను అవునన్నాను.”

మార్చుకోవడానికి మళ్ళీ దుకాణానికి వెళ్ళాలేమో అనుకున్నారు. లెక్కలక్క మెయిను ఆపించి, స్టార్టరు దగ్గర లావు వైరు విప్పింది. సీటీ కన్నంలో ఒకసారి దూరి ఉన్న దాన్ని చుట్టు తిప్పి తెచ్చి, అదే కన్నంలో రెండోసారి దూర్చి బిగించింది. మోటారు మళ్ళీ లేచినప్పుడు, పాత తోపుకి, ముల్లు వెళ్ళి ఇరవై మీద ఆగింది. చేతి మీటరు మీదా ఇరవై.

రిలేని ఇరవై ఒకటికి తెచ్చారు. అద్దం మీద అదే అంకె దగ్గర అమ్మాయిగారు ఎర్ర రంగుతో గీత పెట్టింది. తోపు తగ్గింది. అన్నదమ్ములు మొహాలు మాడ్చుకున్నా, గీత వైపు ఒక కన్నేసి కొయ్యడం నేర్చుకున్నారు. మేస్త్రిని మాన్పిస్తారేమోనని ఆయన భార్య రెండు రోజులు భయపడింది. ఎవరూ మాన్పించలేదు. మూడో రోజు అమ్మాయిగారే ఆ దంపతులిద్దర్నీ చెవుల డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు చెవిలో పెట్టుకునే చిన్న యంత్రం ఇచ్చాడు. దాన్ని పెట్టుకుని మొదటిసారి మిల్లులో అడుగుపెట్టినప్పుడు ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇంత గోలలోనా ఇన్నేళ్ళు బతికింది? యంత్రం తీసి జేబులో పెట్టుకుని, మిల్లులో కాళ్ళతోనూ కళ్ళతోనూ, ఇంట్లో చెవులతోనూ పని జరుపుకోవడం మొదలుపెట్టాడు. భార్య గొణగడం లేదనీ, ఆమె గొంతు తను గుర్తుపెట్టుకున్నదానికంటే కాస్త బొంగురుగా ఉందనీ తెలిసింది.

ఒక్క విషయం మాత్రం ఆయనకి మింగుడుపడలేదు. ఒకే వైరు, ఒకే కరెంటు. కన్నంలోంచి రెండుసార్లు దూర్చితే రెండింతలుగా ఎలా లెక్కకొస్తుంది? ఒకే మనిషి గుమ్మంలోంచి రెండుసార్లు వస్తే ఇద్దరవుతారా? దాన్ని అడగడానికే ఒకరోజు లెక్కలక్క షెడ్డుకి వెళ్ళాడు. ఆవిడ చుట్లు లెక్కపెట్టడం అయ్యేదాకా ఆగి, చెవిలో యంత్రం సర్దుకుని కూర్చున్నాడు. ఆవిడ తీగ ముక్క తీసుకుని, చేతి గాజు తీసి, అందులోంచి ఒకసారి దూర్చి చెప్పింది. రెండుసార్లు దూర్చి చెప్పింది. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఆయన తలూపాడు.

ఆవిడకి ఆ తలూపడం మీద నమ్మకం లేదు. “వినపడిందా అన్నయ్యా?” అని అడిగింది.

“ప్రతి ముక్కా వినపడింది చెల్లెమ్మా” అన్నాడు మేస్త్రి. “అర్థమే కాలేదు. ఇంకోసారి చెప్పు.”